మూడు మీటలు

మౌస్ అంటే ఎలుక అని మనందరికీ తెలుసు. ముప్పై ఏళ్లు పైబడిన నా బ్యాంకు ఉద్యోగంలో ఎలుకలు రికార్డు గదిలో వోచర్ల కట్టలు కొరకడం చూశాను. టెలిఫోను తీగలు కొరకడం చూశాను. ఒకసారి ఆడిటరు గారి టిఫిను సంచి కొరకడం కూడా చూశాను. కానీ బల్ల మీద కూర్చున్న ప్లాస్టిక్ ఎలుక ఒక మనిషి పనిని కొరికేయడం 2007లో చూశాను. చూసి ఊరుకున్నాను. ఊరుకోవడమే కాదు, దాని పక్షాన సంతకం కూడా పెట్టాను. ఆ సంగతి ఇన్నాళ్లకు మన పత్రికలో రాసుకుంటున్నాను.

మాది షోలాపూరు. తూర్పు భాగంలో మగ్గాల సందడిలో పుట్టి పెరిగినవాణ్ని. మా తాతకు చేతిమగ్గం ఉండేది. నడివయసులో ఆయన కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేచేది కాదు. నాడె విసిరే తాడు పిడిని ఆయన ఎడమ చేతికి అందేలా కిందికి దించి కట్టుకున్నాడు. పట్టు చాలక ఆ పిడికి పాత ధోవతి గుడ్డ చుట్టి లావు చేశాడు. నేను పుట్టేసరికి మగ్గం అలాగే ఉంది కనుక మగ్గాలన్నీ అలాగే ఉంటాయనుకునేవాణ్ని. దాన్ని ఇంట్లో ఎవరూ వింతగా చెప్పుకోలేదు. చెయ్యి రాకపోతే మగ్గాన్ని మార్చుకున్నాడు, అంతే.

నేను బి.కాం. పాసై 1992లో బ్యాంకులో గుమాస్తాగా చేరినప్పుడు మా శాఖలో మా పేటవారే ఒకాయన ఉండేవారు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. ఆఫీసులో ఆయన నన్ను పేరుతో పిలిచేవారు, బయట ‘తమ్మీ’ అనేవారు. నేను రెండు చోట్లా ‘అన్నా’ అనే అనేవాణ్ని. అన్నకు పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. బుద్ధికి ఏ లోటూ లేదు, మా అందరికంటే చురుకు. రెండు చేతులూ బిగుసుకుని, మణికట్లు లోపలికి వంగి, అదుపు లేకుండా అదిరేవి. చెప్పాలనుకున్న మాట ముందు కాస్త పెనుగులాడి తర్వాత వచ్చేది. వికలాంగుల కోటాలో చేరారు. మొదట్లో ఆయన రాత ఎవరికీ అర్థం కాదని చాలాకాలం టోకెన్లు ఇచ్చే పనిలోనే ఉంచారట.

ఆయన దశ తిప్పింది కంప్యూటరు. మా శాఖకు ఎ.ఎల్.పి.ఎం. అని పిలిచే లెడ్జరు యంత్రాలు వచ్చాయి. యూనియన్ల గొడవలూ, ఉద్యోగాలు పోతాయన్న భయాలూ చాలా ఉండేవి. ఆ నల్లతెర మీద మౌసు లేదు, బొమ్మలు లేవు. మెనూ నంబరు కొట్టాలి, ఖాతా నంబరు కొట్టాలి, ఎంటరు నొక్కాలి. అన్న పెన్సిలును పిడికిట్లో బిగించి, వెనక ఉన్న రబ్బరు కొనతో ఒక్కొక్క మీటా నొక్కేవారు. చూసేవాళ్లకు ఓపిక చచ్చేది గానీ సాయంత్రం టోటల్ కొడితే ఆయన బ్యాచిలో తేడా ఉండేది కాదు. పదివేళ్లతో టకటకా కొట్టే నా బ్యాచిలో తేడా పట్టుకోవడానికి రాత్రి ఎనిమిదింటి దాకా ఆయనే కూర్చున్న రోజులున్నాయి. ఏ పనికి ఏ మెనూ నంబరో కంఠస్థం. చేతి రాతతో ఉన్న ఇబ్బంది మీటలతో లేదు. ‘అ’ మీట ఎవరు నొక్కినా ‘అ’ అక్షరమే పడుతుంది కదా!

నేను 1999లో ఆఫీసరునయ్యాను. ఊళ్లు తిరిగి 2006లో అదే శాఖకు అకౌంటెంటుగా వచ్చాను. మరుసటి ఏడాది పాత ప్రోగ్రాము పోయి కిటికీల్లాంటి తెరలతో కొత్తది వచ్చింది. మెనూ నంబర్లు పోయి చిన్నచిన్న బొమ్మలు వచ్చాయి. వాటి మీదికి బాణం గుర్తును తీసుకెళ్లి నొక్కాలి.

మనకు అలవాటైపోయి తెలియదు గానీ మౌసు చేతిని చాలా పనులు అడుగుతుంది. వేళ్లతో పట్టుకోవాలి, మణికట్టుతో జరపాలి, గుర్తు మీదికి రాగానే చెయ్యి కదలకుండా ఆపాలి, ఆపిన చేతితోనే ఒక్క వేలు మాత్రం కదిపి నొక్కాలి. రెండుసార్లు నొక్కాల్సి వస్తే మామూలు అమరికలో రెండు నొక్కులకూ మధ్య గడువు అర సెకను. ఏదైనా లాగాలంటే నొక్కి పట్టుకుని, వదలకుండా జరపాలి. అన్న చేతికి ఇందులో ఏ ఒక్కటీ సాధ్యం కాదు. నొక్కబోతే చెయ్యి అదిరి బాణం పక్కకు పోయేది. ‘సేవ్’ బదులు ‘క్యాన్సిల్’ మీద పడేది. పదిహేనేళ్లుగా తప్పు చేయనివాడు రోజూ తప్పులు చేయసాగాడు. కౌంటరు ముందు వరస పెరిగింది. జనం నస మొదలైంది.

ఒక సాయంత్రం అన్న నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డారు. “మౌస్ లేకుండా నంబర్ల మీటలతోనే బాణం నడుస్తదట సార్. హెల్ప్‌ల చదివిన. జర పై ఆఫీసుకు రాసి అడుగుండ్రి” అన్నారు. మొదటిసారి నన్ను ‘సార్’ అన్నారు. ఆ మాట గుచ్చుకుంది గానీ గుచ్చుకున్నంత మాత్రాన పని చేశానా? కంప్యూటరు అమరికలన్నీ పై ఆఫీసు చేతిలో ఉంటాయి, మనం ముట్టుకోకూడదు అన్నది నాకున్న పరిజ్ఞానం. “చూద్దాం అన్నా” అన్నాను. బ్యాంకు భాషలో ‘చూద్దాం’ అంటే ఏమిటో నా తోటి ఉద్యోగులకు వేరే చెప్పక్కర్లేదు.

ఉత్తరం రాయలేదు. పదిహేను రోజుల తర్వాత ఆయన్ని టపా విభాగానికి మారుస్తూ ఉత్తర్వు రాశాను. వచ్చిన ఉత్తరాలూ వెళ్లిన ఉత్తరాలూ రిజిస్టరులో ఎక్కించే పని. “ఆయనకు ఒత్తిడి లేకుండా చేశాం” అని మేనేజరు గారితో అన్నాను. ఆయన మెచ్చుకున్నారు. నాకూ ఏదో పుణ్యం చేసిన భావన కలిగింది. జీతం తగ్గలేదు, హోదా తగ్గలేదు, కాగితం మీద వేలెత్తి చూపడానికేమీ లేదు. కౌంటరు పనికి వచ్చే చిన్న ప్రత్యేక భత్యం మాత్రం పోయింది. అన్న ఉత్తర్వు చదువుకుని, అందినట్టు సంతకం చేసి, పెన్సిలు జేబులో పెట్టుకుని మెట్లెక్కి పైకి వెళ్లిపోయారు. టపా గది పై అంతస్తులో ఉండేది.

కాస్టింగు పరీక్షకు మేము యంత్రం ఖాళీగా ఉంటే ఎంత నష్టమో లెక్కలు కట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. మనిషిని ఖాళీ పెడితే ఎంత నష్టమో ఆ పుస్తకంలో లేదు.

ఆ తర్వాత నాకు బదిలీలు, పిల్లల చదువులు, పదోన్నతి. 2022లో పుణెలో ఒక శాఖకు మేనేజరునయ్యాను. ఒకనాడు కొత్త గుమాస్తా చేరుతోందని ఉత్తర్వు వచ్చింది. సెరిబ్రల్ పాల్సీ అని అందులో రాసి ఉంది. మా అసిస్టెంటు మేనేజరు, మంచివాడే పాపం, “టపాలో వేద్దామా సర్?” అన్నాడు. నా నోట్లోనూ అదే మాట సిద్ధంగా ఉందని ఒప్పుకోవాలి.

ఆ అమ్మాయి వాళ్ల నాన్నతో వచ్చింది. చేతులు అచ్చం అన్న చేతులే, అదే వంపు, అదే అదురు. సంచిలోంచి రెండు వస్తువులు తీసి నా బల్ల మీద పెట్టింది. ఒకటి మీటల పలక మీద అమర్చే రంధ్రాల మూత. కీగార్డ్ అంటారట. మీటకొక రంధ్రం. చెయ్యి మొత్తం దాని మీద ఆనించుకోవచ్చు, వేలు రంధ్రంలోకి దిగితే తప్ప మీట పడదు. రెండోది ఒక నల్లటి దిమ్మ మీద నిమ్మపండు కంటే పెద్దది, బత్తాయి కంటే చిన్నది అయిన బంతి. ట్రాక్‌బాల్. దిమ్మ కదలదు, బంతిని అరచేత్తోనో పిడికిలితోనో దొర్లిస్తే తెర మీద బాణం కదులుతుంది. చెయ్యి తీసేస్తే బాణం ఉన్నచోటే ఉంటుంది. బటన్లు బంతికి దూరంగా విడిగా ఉంటాయి కనుక నొక్కేటప్పుడు గురి తప్పదు. “నాకు కౌంటరు ఇవ్వండి సర్. నా బంతి నేను తెచ్చుకున్నాను” అంది.

ఆ రాత్రి ఇంటికొచ్చి కూర్చుని ఈ వస్తువుల గురించి చదివాను. మౌసును అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్, బిల్ ఇంగ్లిష్ అనే ఇద్దరు 1964లో తయారుచేశారు. అప్పుడది చిన్న కొయ్యపెట్టె, కింద రెండు చక్రాలు. లోకానికి చూపించింది 1968 డిసెంబరు 9న. బంతి దానికంటే పాతది! కెనడా నౌకాదళం కోసం చేసిన ఒక కంప్యూటరులో 1952 నాటికే బౌలింగు ఆట బంతిని పెట్టి వాడారు. అంటే మామూలు చేతులకు పనికొచ్చే మౌసు రాకముందే అన్న చేతికి పనికొచ్చే బంతి పుట్టి ఉంది. ఇంకా ఎన్నో ఉన్నాయి. చేతికి బలం లేనివారికి కారు గేరు లాంటి జాయ్‌స్టిక్ ఉంది. కాలితో నడిపేవి ఉన్నాయి. నుదుటి మీద చిన్న మెరుపు చుక్క అంటించుకుంటే తల తిప్పినవైపు బాణాన్ని తిప్పే కెమెరా ఉంది. గొట్టంలోకి ఊదడం, పీల్చడం ద్వారా నొక్కేవి ఉన్నాయి. బాణం ఒకచోట కాసేపు ఆగితే చాలు, నొక్కినట్టు లెక్కపెట్టే ప్రోగ్రాములున్నాయి. కంటిచూపుతో నడిపే ఏర్పాటును 2017లో విండోస్‌లోనే చేర్చారు, దానికి తగిన కెమెరా మాత్రం విడిగా కొనుక్కోవాలి. అయితే ఏది ఎవరికి పనికొస్తుందో బొమ్మ చూసి చెప్పలేం. ఈ అమ్మాయి శిక్షణలో జాయ్‌స్టిక్ వాడి చూసిందట, చెయ్యి బిగుసుకున్నప్పుడు అది ఒకే దిక్కుకు పరుగెత్తేదట. ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గర కూర్చుని మూడు నాలుగు రకాలు మార్చాకే బంతి కుదిరింది. వాడేవాణ్ని అడక్కుండా దాతలు కొనిచ్చిన పరికరాలు బీరువాల్లో పడి ఉంటాయని కూడా ఆమే చెప్పింది.

మర్నాడు బంతి తీగ కంప్యూటరుకు పెడితే పనిచేయలేదు. మా బ్యాంకులో అనుమతి జాబితాలో లేని ఏ పరికరాన్నీ కంప్యూటరు దగ్గరికి రానివ్వదు. వైరసులూ దొంగతనాలూ అరికట్టడానికి పెట్టిన నియమం, తప్పు పట్టలేను. మామూలు మౌసులాగే పనిచేసే పరికరం, డేటా దాచుకునేది కాదు, జాబితాలో చేర్చండి అని ఈసారి మాత్రం ఆ పూటే ఉత్తరం రాశాను. జవాబుగా నమూనా ఫారం వచ్చింది. ఫారం పంపితే కొటేషను అడిగారు. సొంత వస్తువుకు కొటేషను ఏమిటని రాస్తే సొంత వస్తువైతే అసలు కుదరదన్నారు. సరే, బ్యాంకే కొనివ్వాలని రాశాను. కొన్ని వేల రూపాయల వస్తువది. మా క్యాబినులో సోఫా గుడ్డ మార్చడానికి అంతకంటే ఎక్కువే అయింది, దానికి ఎవరూ ఫారం అడగలేదు.

అప్పుడే చట్టం తీసి చదివాను. ఆఫీసరుగా అంతకుముందే చదవాల్సింది. 1995 చట్టంలో ఉద్యోగాల్లో 3 శాతం కోటా ఉండేది. దాని స్థానంలో 2016లో చేసిన చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. కోటా 4 శాతమైంది. అంతకంటే ముఖ్యమైనది 20వ సెక్షను. ప్రభుత్వ సంస్థ ఏదైనా వైకల్యం ఉన్న ఉద్యోగికి తగిన సర్దుబాట్లు చేసి తీరాలంటుంది. రాసేటప్పుడు చేతివేళ్లు పట్టేసే జబ్బున్న ఒక అభ్యర్థి సివిల్ సర్వీసు పరీక్షకు రాతగాణ్ని అడిగిన కేసులో, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ సర్దుబాటు సంగతే వివరంగా చెప్పి అతనికి అనుకూలంగా తీర్పిచ్చింది. ఈ రెండూ ఉదహరించి నాలుగో ఉత్తరం రాశాను. అన్నట్టు, ఈలోగా ‘వికలాంగులు’ పోయి ‘దివ్యాంగులు’ వచ్చింది. మా ఫారంలో ఆ మాట మార్చి ముద్రించారు గానీ, ‘ఏ పరికరం కావాలి’ అని అడిగే గడి ఇంకా పెట్టలేదు.

ఉత్తరాలు తిరుగుతున్న ఆ వారాల్లో ఆ అమ్మాయి పనిలేకుండా కూర్చోవలసి వచ్చేది. అప్పుడు నాకు అన్న మాట గుర్తుకొచ్చింది. నంబర్ల మీటలతో బాణం నడుస్తదట. ఎక్కడుందా అని మా అబ్బాయిని అడిగితే నవ్వి, “నాన్నా, అది విండోస్ 95 నుంచీ ఉంది” అన్నాడు.

ఎలాగో చెబుతాను, ఎవరికైనా పనికిరావచ్చు. మీటల పలక మీద ఎడమవైపున్న ఆల్ట్, ఎడమవైపే ఉన్న షిఫ్ట్, కుడిపక్కన అంకెల దగ్గరున్న నమ్ లాక్. ఈ మూడూ కలిపి ఒక్కసారి నొక్కాలి. మౌస్ కీస్ కావాలా అని తెర అడుగుతుంది. అవునంటే, కుడిపక్కన ఉన్న అంకెల మీటలు మౌసు అయిపోతాయి. 8 పైకి, 2 కిందికి, 4 ఎడమకు, 6 కుడికి. మూలలకు 7, 9, 1, 3. మధ్యలో 5 నొక్కితే మౌసు ఒకసారి నొక్కినట్టు, ప్లస్ నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు. అర సెకను గడువు బాధ లేదు. సున్నా నొక్కితే పట్టుకున్నట్టు, చుక్క నొక్కితే వదిలినట్టు. మూడు మీటలు కలిపి నొక్కలేనివారికి ఎవరైనా ఒకసారి నొక్కిపెడితే చాలు.

సాయంత్రం శాఖ మూసేశాక ఆ అమ్మాయి కంప్యూటరు దగ్గర నిలబడి ఆ మూడు మీటలూ నొక్కాను. మా బ్యాంకు కంప్యూటరు, మా తాళాలన్నీ వేసి ఉన్న కంప్యూటరు, అడ్డు చెప్పలేదు. 8 నొక్కాను. బాణం చీమలా పైకి పాకింది. ఆ అమ్మాయి సంతోషంగా కీగార్డు అమర్చుకుని మొదలుపెట్టింది. నేను మాత్రం కుర్చీ లాక్కుని కూర్చున్నాను. 2007లో ఆ కంప్యూటరు ఒప్పుకునేదో లేదో తెలుసుకోవాలంటే మూడు మీటలు నొక్కి చూస్తే సరిపోయేది. ఉత్తరం, అనుమతి, పై ఆఫీసు అనుకున్నాను తప్ప నొక్కి చూడలేదు.

మౌస్ కీస్ గొప్ప పరిష్కారమేమీ కాదు. బాణం నత్తనడక నడుస్తుంది, రద్దీ వేళ కౌంటరుకు చాలదు. కంట్రోల్ మీట నొక్కిపెడితే వేగం పెరుగుతుంది గానీ రెండు చేతుల పని. బంతి వచ్చేదాకా వంతెనలా ఉపయోగపడింది. నాలుగో ఉత్తరం వెళ్లాక బంతికీ అనుమతి వచ్చింది. ఆ అమ్మాయిని పాస్‌బుక్కుల కౌంటరులో కూర్చోబెట్టాం. మొదట్లో ఒకాయన ఆలస్యమవుతోందని నా క్యాబినులోకి వచ్చి కేకలేశాడు. పక్క కౌంటరుకు వెళ్లవచ్చన్నాను. వెళ్లాడు. పెద్దవాళ్లు కొందరు ఆమె వరసలోనే నిలబడేవారు, ఆమె ప్రతి అంకె పైకి చదివి చెబుతుందని.

ఆ ఏడాది మార్కండేయ రథోత్సవానికి షోలాపూరు వెళ్లినప్పుడు అన్న ఇంటికి వెళ్లాను. ఆయన 2021లోనే రిటైరయ్యారు. జుట్టు పూర్తిగా నెరిసింది, మాట ఇంకా కష్టమైంది. వదిన చాయ్ ఇచ్చి, గ్లాసులో గొట్టం వేసి ఆయన ముందు పెట్టింది. నేను ఒక బంతి కొని తీసుకెళ్లాను. ఎందుకు కొన్నానో నాకే తెలియదు. దాన్ని ఆయన ముందు పెట్టి, పుణె సంగతంతా చెప్పి, “ఆ రోజు నువ్వడిగినప్పుడు నేను నొక్కి కూడా చూడలేదు అన్నా” అన్నాను.

అన్న చాలాసేపు బంతిని పిడికిలితో అటూ ఇటూ దొర్లించారు. తర్వాత నవ్వారు.

“నేను నొక్కిన తమ్మీ” అన్నారు. “టపా గదిలకు పోయినంక, నెల లోపటనే. పాత కంప్యూటర్ ఒకటుండె గద ఆడ. ప్యూన్‌తోని నొక్కిపిచ్చిన. చాలు అయింది. రిజిస్టరంత గట్లనే కొట్టిన, పద్నాలుగేండ్లు.”

ఆ రిజిస్టరు అచ్చుకాగితాల మీద నా బదిలీ దాకా రెండేళ్లు రోజూ నేను సంతకం పెట్టాను. అక్షరం తప్పు లేకుండా ఉండేది. ఎలా కొడుతున్నారని ఒక్కరోజు పైకెక్కి చూడలేదు.

“మరి నాకు చెప్పలేదేం? మళ్లీ కౌంటరు అడిగి ఉండవచ్చు కదా!”

“చెప్పితే, అది నొక్కొద్దని పైనుంచి ఉత్తర్వు తెస్తవేమోనని” అన్నారు. కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పారు.

వదిన లోపలికి వెళ్లిపోయింది. బయట రథం వస్తున్నట్టు డోళ్లు వినిపిస్తున్నాయి. అన్న బంతి మీద పిడికిలి అలాగే ఉంచి అడిగారు.

“ఆ పిల్లకు ఏం పని ఇచ్చినవ్? పాస్‌బుక్కులేనా, నగదు కూడనా?”

“పాస్‌బుక్కులే అన్నా.”

“నగదు ఇయ్యి” అన్నారు.